క్లాసులో అన్నీ సరిగ్గానే చెప్తారు, బయటికెళ్తే ఒక్కటీ వాడరు. లైఫ్ స్కిల్స్ అసలు ఎలా నేర్పాలి?

ప్రశ్న: లెక్కల మాష్టారు

అందరికీ నమస్కారం. 13 నుంచి 15 ఏళ్ల పిల్లలకు వారానికి ఒక పీరియడ్ లైఫ్ స్కిల్స్ చెప్పమని నాకు అప్పగించారు. నేను చెప్పేది లెక్కలు, దీనికి ట్రైనింగ్ అంటూ ఏమీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో ఇచ్చిన పది నైపుణ్యాల జాబితా ఒకటి చేతిలో పెట్టారు. తనను తాను తెలుసుకోవడం, ఎదుటివాళ్ల పరిస్థితి అర్థం చేసుకోవడం, నిర్ణయాలు, ఒత్తిడి, కోపతాపాలు... వారానికొకటి చొప్పున చెప్పుకుంటూ పోతున్నాను.

క్లాసులో జవాబులు బ్రహ్మాండంగా వస్తాయి. ఫ్రెండ్స్ బలవంతపెడితే ఏం చేస్తారంటే "నో చెప్తాం సార్" అని అందరూ ఒకే గొంతుతో అంటారు. అదే సాయంత్రం వాళ్ల గ్రూపులో ఒకడి ఫొటో మీద వెకిలి కామెంట్లు పడుతుంటే అందరివీ నవ్వే ఎమోజీలే, ఒక్కడూ ఆపడు. నాతో అబద్ధం చెప్తున్నారా, లేక నేను చెప్పే పద్ధతిలోనే తేడా ఉందా? ఇంకోటి, ముగ్గురు నలుగురు అసలు నోరే తెరవరు. వాళ్లను ఏం చేయాలి? వీటికి పరీక్ష ఎలా పెట్టాలి?

జవాబు: మాటల మనిషి

మాష్టారూ, అబద్ధం కాదండీ. క్లాసులో ప్రశాంతంగా కూర్చున్నప్పుడు వాళ్లు నిజంగానే అలా అనుకుంటారు. పక్కన ఫ్రెండ్స్ ఉన్నప్పుడు పరిస్థితి మారిపోతుంది, అంతే. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక కారు వీడియో గేమ్‌తో దీన్ని చూశారు. ఒంటరిగా ఆడినప్పటికంటే తోటివాళ్లు చూస్తుండగా ఆడినప్పుడు టీనేజర్లు బాగా ఎక్కువ రిస్క్ తీసుకున్నారు, పెద్దవాళ్లలో మాత్రం ఆ తేడా దాదాపు కనిపించలేదు. అంటే మీ పిల్లలకు తెలియక కాదు, నలుగురి మధ్య ఉన్నప్పుడు తెలిసింది చేయడం రావట్లేదు. ప్రాక్టీస్ కూడా ఆ నలుగురి మధ్యే జరగాలి.

మీరు లెక్కల్లో సూత్రం చెప్పి ఊరుకోరు కదా, లెక్కలు చేయిస్తారు. ఇక్కడా అంతే. "నో చెప్తాం" అన్నది సూత్రం. అసలు నోట్లోంచి ఏ మాట రావాలి? అది పలికించండి. ముగ్గురు బలవంతపెట్టాలి, ఒకరు తప్పించుకోవాలి, రెండు నిమిషాలు చాలు. బలవంతపెట్టే ముగ్గురూ నిజంగా ఎలా అంటారో అలాగే అనాలి, మెత్తగా అడిగితే ఉపయోగం లేదు. ఆపాక మిగతావాళ్లను ఏ మాట పనిచేసింది, ఎక్కడ తడబడ్డాడు అని అడగండి. వెంటనే అదే సీన్ మళ్లీ చేయించండి. చాలామంది టీచర్లు ఈ రెండోసారి వదిలేస్తారు, నా దృష్టిలో అసలు నేర్చుకోవడం జరిగేది అక్కడే.

సాకులు చెప్పినా ఒప్పుకోండి. "మా ఇంట్లో ఫోన్ చూస్తారు రా, నన్నొదిలెయ్" అన్నది పిరికితనం కాదు, పద్నాలుగేళ్ల పిల్లాడికి పరువు పోకుండా బయటపడే దారి. ఆ గ్రూపు విషయంలో కూడా అందరి ముందూ హీరోలా నిలబడి ఎదిరించమంటే ఎవరూ చేయరు. ఎమోజీ పెట్టకుండా ఉండటం, టాపిక్ మార్చేయడం, ఆ అబ్బాయికి విడిగా "వాళ్లు చేసింది బాలేదు రా" అని ఒక మెసేజ్ పెట్టడం, ఇలాంటి చిన్నవి నేర్పండి, ఇవైతే చేయగలరు. కానీ జాగ్రత్త, నిజంగా ఏడిపించబడుతున్న పిల్లాడికి ఆటలో కూడా అదే పాత్ర ఇవ్వకండి.

వారానికొకటి మార్చడం మాత్రం మానేయండి. బోట్విన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రూపొందించిన లైఫ్ స్కిల్స్ ట్రైనింగ్ ప్రోగ్రామ్ ఒకటుంది, బాగా పరీక్షించి చూసిన వాటిలో అదొకటి. అందులో 11 నుంచి 14 ఏళ్ల పిల్లలకు మొదటి ఏడు 15 క్లాసులు, రెండో ఏడు 10, మూడో ఏడు 5. తగ్గుతూ పోతాయి కానీ ఆగవు. పది అంశాలు ముట్టుకుని వదిలేసేకంటే మూడు తీసుకుని ఏడాదంతా తిప్పితిప్పి చేయించడం మేలు.

జవాబు: ఇద్దరు టీనేజర్ల అమ్మ

పై జవాబు బాగుంది కానీ నాకో అభ్యంతరం. నిర్ణయాలు తీసుకోవడం మీద క్లాసు చెప్పించి, ఇంటికొచ్చాక ఏ సబ్జెక్టు ముందు చదవాలో, ఏ చొక్కా వేసుకోవాలో, ఎవరితో తిరగాలో అన్నీ మనమే చెప్తుంటే ఆ పిల్లలు నేర్చుకున్నది ఎక్కడ వాడాలి చెప్పండి? మా పెద్దవాడి చదువు టైమ్‌టేబుల్ వాడికే వదిలేశాం. మొదట్లో అస్తవ్యస్తంగా నడిచింది, ఒక సబ్జెక్టులో మార్కులు పడిపోయాయి కూడా. మధ్యలో దూరిపోయి సర్దాలని చేతులు ఎంత దురద పెట్టాయో నాకే తెలుసు. దూరలేదు. "వచ్చేసారి ఏం మారుస్తావ్?" అని మాత్రం అడిగాం. ప్రాణం మీదికి, చట్టం మీదికి వచ్చేవి తప్ప మిగతా వాటిలో నష్టం కొంచెం తగలనివ్వాలి అని నా అభిప్రాయం. మాష్టారు తల్లిదండ్రులను కూడా ఒకసారి పిలిచి మాట్లాడితే మంచిది.

ఇంకో మాట, నిద్ర. ఈ వయసులో రోజుకు 8 నుంచి 10 గంటలు కావాలంటారు డాక్టర్లు. పైగా శరీరంలోని గడియారమే వెనక్కి జరిగి, రాత్రి నిద్ర ఆలస్యంగా వస్తుంది. పొద్దున్నే చిటపటలాడే పిల్లకు కోపాన్ని అదుపు చేసుకోవడం మీద పాఠం కాదు, ముందు నిద్ర కావాలి.

జవాబు: సూటిగా

ఇంత ఎందుకండీ. ఒక పోలీసు ఆఫీసర్‌నో, మత్తుకు అలవాటుపడి బయటపడ్డ మనిషినో పిలిపించి ఒక గంట మాట్లాడించండి. భయం ఉంటే దారిలో ఉంటారు.

జవాబు: మాటల మనిషి

సూటిగా గారూ, ఇది చేసి చూసిన పనే. అమెరికాలో దారి తప్పుతున్న పిల్లలను జైళ్లకు తీసుకెళ్లి ఖైదీలతో భయపెట్టించే ప్రోగ్రాములు నడిపారు. తర్వాత సరిగ్గా పోల్చి చూస్తే, వెళ్లిన పిల్లలే వెళ్లనివాళ్లకంటే ఎక్కువ నేరాలు చేశారు. పోలీసులు స్కూళ్లకొచ్చి మత్తు పదార్థాల గురించి చెప్పే డేర్ ప్రోగ్రాము కూడా అక్కడే 1983లో మొదలై బాగా పాకింది. దాని పాత పాఠాల మీద జరిగిన పరిశీలనల్లో వాడకం తగ్గిన దాఖలా పెద్దగా లేదు. భయం ఆ గంట వరకే ఉంటుందండీ, శనివారం సాయంత్రం ఫ్రెండ్ పిలిచినప్పుడు ఏమనాలో అది నేర్పదు.

జవాబు: లెక్కల మాష్టారు

చాలా థాంక్సండీ. మూడే తీసుకుంటాను: బలవంతాన్ని తప్పించుకోవడం, కోపం, సాయం అడగడం. మరి మాట్లాడని పిల్లలు, పరీక్ష?

జవాబు: వెనక బెంచీ

నేను ఆ మాట్లాడని పిల్లల్లో ఒకడిని, ఇప్పుడు పెద్దవాడినయ్యాను లెండి. మా క్లాసులో ఒక మేడమ్ "నీ మనసులో ఏముందో అందరికీ చెప్పు" అని లేపి నిలబెట్టేవారు. ఆ పీరియడ్ అంటేనే కడుపులో తిప్పేది. దయచేసి అది చేయకండి. ఎవరైనా "నేను చెప్పను సార్" అంటే సరే అని ముందుకెళ్లే రూలు మొదటిరోజే పెట్టండి. ముందు ఇద్దరిద్దరిగా మాట్లాడించండి, పేరు రాయకుండా ప్రశ్నలు వేసే డబ్బా ఒకటి పెట్టండి. అసలు ప్రశ్నలన్నీ అందులోకే వస్తాయి. సీన్లు కూడా "నీకు జరిగింది చెప్పు" అని కాకుండా "ఒక అబ్బాయి ఉన్నాడు" అని మొదలుపెడితే మాలాంటివాళ్లకు నోరు పెగులుతుంది.

జవాబు: మాటల మనిషి

వెనక బెంచీ గారు చెప్పినదంతా నిజం. దానికి ఒకటి కలుపుతాను, ఇది తప్పించుకోవడానికి లేనిది. పిల్లలు నమ్మడం మొదలుపెడితే ఏదో ఒకరోజు ఒకరొచ్చి "ఎవరికీ చెప్పనంటేనే చెప్తాను సార్" అంటారు. ఆ మాట ఇవ్వకండి. ఎవరైనా వాళ్లను హింసిస్తున్నా, తమకు తాము హాని చేసుకోవాలని ఉన్నా నేను ఒక్కడినే దాచుకోలేను, సాయం చేయగలవాళ్లకు చెప్పాల్సి వస్తుంది, ఏం చేసినా ముందు నీకు చెప్పే చేస్తాను అని క్లాసు మొదట్లోనే అందరికీ చెప్పేయండి. ఎవరికి చెప్పాలో, ఏ కౌన్సెలర్ దగ్గరికి పంపాలో కూడా ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి, అప్పటికప్పుడు వెతుక్కుంటే కంగారు పడతారు.

పరీక్ష అంటారా, మార్కులు వేశారంటే మళ్లీ మీకు నచ్చే జవాబులే వస్తాయి. ఏడాది మొదట్లో ఒక సీన్ చేయించి ఎవరు ఎక్కడ ఆగిపోయారో రెండు ముక్కలు రాసుకోండి, చివర్లో అలాంటిదే కొత్త సీన్ ఇవ్వండి. మధ్యలో ప్రతి క్లాసు మొదట ఐదు నిమిషాలు "ఈ వారం ఎవరైనా వాడారా, ఏమైంది?" అని అడగండి. వికటించినవి కూడా చెప్పనివ్వండి, ఆ రోజు సీన్ వాటిలోంచే దొరుకుతుంది.