తక్కువ బడ్జెట్ హారర్, సైఫై, థ్రిల్లర్లు: కొన్ని ఎందుకు నిలబడతాయి, కొన్ని ఎందుకు తేలిపోతాయి?

రెండోఆట:

తక్కువ ఖర్చులో తీసిన జానర్ సినిమాల లిస్టులు ఎక్కడ చూసినా కనిపిస్తాయి. వాటిలో సగం పదిహేను నిమిషాలు కూడా కూర్చోనివ్వవు. కొన్ని మాత్రం డబ్బు లేదన్న సంగతే గుర్తు రానివ్వవు. ‘కథ బాగుంటే చాలు’ అనే జవాబు నాకు సరిపోవట్లేదు. ‘ప్రైమర్’ (2004) మొదటిసారి చూస్తే సగం అర్థం కాదు, అయినా ఆ 77 నిమిషాలూ చూపు తిప్పుకోలేం. మరోపక్క మంచి పాయింట్ పట్టుకుని కూడా చేజార్చుకున్న సినిమాలు కోకొల్లలు. తేడా ఎక్కడ వస్తోంది? సినిమా పేరు, సీను పట్టుకుని చెప్పండి. ఏ వెర్షన్ చూడాలో కూడా చెబితే ఇంకా మంచిది. క్లైమాక్సులు మాత్రం బయటపెట్టొద్దు.

మోనోట్రాక్:

నా ఓటు సౌండ్‌కండీ. బొమ్మ గరుగ్గా ఉన్నా, మసగ్గా ఉన్నా కన్ను కాసేపటికి సర్దుకుంటుంది. మాట సరిగ్గా వినబడకపోతే చెవి సర్దుకోదు. చిన్న సినిమాల్లో చాలాసార్లు మైకు కెమెరా మీదే ఉంటుంది. నటుడు రెండు మీటర్లు వెనక్కి జరిగాడంటే గొంతు కంటే గోడల ప్రతిధ్వనే ఎక్కువ వినిపిస్తుంది. అంతకంటే పెద్ద తలనొప్పి ఇంకోటుంది. ఒకే సీన్లో షాట్ మారినప్పుడల్లా వెనకాల మోత మారిపోతుంది. ఒక షాట్లో ఫ్రిజ్ గుయ్‌మంటుంది, తర్వాతి షాట్లో చప్పుడే ఉండదు, ఆ తర్వాత మళ్లీ గుయ్‌మంటుంది. ఎడిటింగ్‌లో వేసిన ప్రతి అతుకూ చెవికి తగులుతుంది.

దీనికి పైసా ఖర్చు లేదు. ప్రతి లొకేషన్లో అందరూ కదలకుండా నిలబడి, ఖాళీ గది శబ్దాన్ని ఒక నిమిషం రికార్డు చేసుకుని, సీను మొత్తానికీ అడుగున పరిస్తే చాలు. ఆ నిమిషం వదిలేసినవాళ్లే తర్వాత అతుకులు కప్పడానికి మొదటి నుంచి చివరిదాకా మ్యూజిక్ పోసేస్తారు. హారర్‌కి అంతకంటే చేటు లేదు. నిశ్శబ్దమే లేని సినిమాలో తలుపు కిర్రుమంటే ఎవరు ఉలిక్కిపడతారు?

‘ఎల్ మరియాచి’ (1992) ఈ కోణంలో తప్పక చూడాలి. రాబర్ట్ రోడ్రిగెజ్ వాడిన 16 ఎంఎం కెమెరాతో మాటలు సింక్‌లో, అంటే బొమ్మతో పాటు అప్పటికప్పుడే, రికార్డు చేయడం కుదరదు. షాట్ అయ్యాక నటులతో అవే డైలాగులు మళ్లీ చెప్పించి విడిగా టేపు మీద ఎక్కించాడు. పెదాలకూ మాటకూ పొంతన తప్పినచోటల్లా కట్ చేసి ఇంకో షాట్‌కి వెళ్లిపోయాడు. ఆ సినిమాలో మనం మెచ్చుకునే వేగంలో చాలా భాగం అలా పుట్టిందే. ఇక ‘బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ (1999)లో రాత్రి టెంటు సీను. తెర మీద దాదాపు ఏమీ కనబడదు, భయమంతా టెంటు బయటి చప్పుళ్లలోనే ఉంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి. ఫోను స్పీకర్లో చూసి ‘ఏముంది ఇందులో’ అనడం ఆ సినిమాకి అన్యాయం.

నాలుగుగోడలు:

సౌండ్ సంగతి ఒప్పుకుంటాను, కానీ అసలు పరీక్ష లొకేషన్ దగ్గరే ఉంటుంది. డబ్బు లేక ఒకే చోట తీశారా, లేక ఆ కథ ఇంకెక్కడా జరగడానికి వీల్లేదా?

‘క్యూబ్’ (1997) చూడండి. వందలకొద్దీ గదులున్నట్టు కనిపిస్తుంది. నిజానికి పూర్తిగా కట్టింది 14 అడుగుల గది ఒక్కటే. గోడల ప్యానెళ్లు మార్చి రంగు మార్చేవాళ్లు, మనుషుల బరువు ఆపగలిగే తలుపు కూడా అందులో ఒక్కటే. రంగు మార్చడానికి చాలా సమయం పట్టేది కాబట్టి, ఒక రంగు గదిలో జరిగే సీన్లన్నీ కథ వరసతో పని లేకుండా ఒకేసారి తీసేశారు. ఇక్కడ గదులన్నీ ఒకేలా ఉండటం లోపం కాదు, పాత్రల కష్టమే అది. నటన మాత్రం బలహీనం. రెండో సగంలో అరుపులు మరీ ఎక్కువ, ఒక పాత్ర విలన్‌గా మారే తీరు తొందరగా అయిపోతుంది.

‘కోహెరెన్స్’ (2013) నాకు ఇంకా ఇష్టం. దర్శకుడి సొంత ఇంట్లోనే ఐదు రాత్రుల్లో తీశారు. నటులకు పూర్తి స్క్రిప్టు ఇవ్వలేదు, ఏ రోజుకారోజు వాళ్ల పాత్రకి సంబంధించిన చీటీలు మాత్రమే. అందుకే ఒకరి మాటకి ఇంకొకరు అడ్డం రావడం, సగంలో ఆగిపోవడం, నిజంగా తెల్లబోవడం కనిపిస్తాయి. చూసేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకోండి: కరెంటు పోయాక చేతుల్లోకి వచ్చే గ్లో స్టిక్కుల రంగు. ఎవరి దగ్గర ఏ రంగుందో గమనిస్తే సినిమా సగం విప్పినట్టే.

మన దగ్గర చూస్తే ‘కౌన్’ (1999). ఒక ఇల్లు, ముగ్గురు నటులు, బయట వాన, పాటలు లేవు. ఊర్మిళ ఒక్కతే ఇంట్లో తిరిగే మొదటి భాగం ఇప్పటికీ పనిచేస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ తగ్గించి ఉంటే ఇంకా బాగుండేది.

ఒకే లొకేషన్ సినిమాలు కూలేది మధ్యలో. నలభయ్యో నిమిషానికి కొత్త సమాచారం అయిపోతుంది, ఇక పాత్రలు గదిలోంచి గదిలోకి నడుస్తూ తెలిసిందే మళ్లీ మాట్లాడుకుంటాయి. అరవై నిమిషాల సరుకుని వంద నిమిషాలకి సాగదీయడమే ఈ జానర్‌కి పట్టిన జబ్బు.

పాతప్రింట్:

ఒక సవరణ. బడ్జెట్ అంకెల్ని పట్టుకుని సినిమాల్ని పోల్చకండి. ‘ఎల్ మరియాచి’కి 7,000 డాలర్లు అన్నది చిత్రీకరణ దాకా అయిన ఖర్చు. థియేటర్‌కి వచ్చే ముందు కొలంబియా సంస్థ సౌండ్ మీద, ప్రింట్ల మీద దానికి ఎన్నో రెట్లు పెట్టింది. ‘పారానార్మల్ యాక్టివిటీ’ (2007) 15,000 డాలర్లతో తీసిందే కానీ, 2009లో రిలీజైనప్పుడు ముగింపు మార్చారు.

వెర్షన్ అడిగారు కాబట్టి ముఖ్యంగా ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’ (1968) గురించి చెప్పాలి. రిలీజుకు ముందు టైటిల్ మార్చినప్పుడు, పాత టైటిల్ కార్డుతో పాటు కాపీరైట్ ముద్ర కూడా ఎగిరిపోయింది. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ముద్ర లేకపోతే హక్కు లేనట్టే. దాంతో ఎవరికి దొరికిన కాపీ వాళ్లు అమ్ముకున్నారు. నెట్‌లో తిరిగే చాలా కాపీలు కాపీకి కాపీ, దానికి మళ్లీ కాపీ: నలుపు బూడిదై, ముఖాలు సున్నంలా తెల్లబోయి ఉంటాయి. అవి చూసి ఫోటోగ్రఫీ నాసిరకం అనుకోవద్దు. 2016లో న్యూయార్క్ మోమా (ఆధునిక కళల మ్యూజియం), ఫిల్మ్ ఫౌండేషన్ చేయించిన 4కె రిస్టోరేషన్, అంటే శుభ్రం చేసి బాగుచేసిన కాపీ, వెతికి చూడండి. నలుపు తెలుపు కాబట్టే చాక్లెట్ సిరప్ రక్తంగా చెల్లింది, అది కూడా ఆ కాపీలోనే బాగా తెలుస్తుంది.

చీకటికోణం:

చీకటి గురించి ఎవరూ చెప్పలేదు. చవకగా తీసిన డిజిటల్ హారర్లో రాత్రి సీన్లు పాడయ్యేది ఎందుకంటే, వెలుతురు చాలకుండా తీసి తర్వాత కంప్యూటర్లో ప్రకాశం పెంచుతారు. నీడల్లో చుక్కలు చీమల్లా పాకుతుంటాయి. స్ట్రీమింగ్‌లో ఆ చుక్కలు కుదించుకుపోయి గళ్లుగళ్లుగా విరుగుతాయి. ఒక చిన్న లైటు వెనకనుంచి పెట్టి, మనిషి అంచు వరకు వెలిగించి, మిగతాది నల్లగా వదిలేస్తే ఈ గోల ఉండదు. మీవైపు నుంచి చేయగలిగింది: టీవీలో మోషన్ స్మూతింగ్ (కదలికల్ని కృత్రిమంగా నున్నగా చేసే సెట్టింగు), షార్ప్‌నెస్ ఆపేయండి. అవి ఆన్‌లో ఉంటే ఎంత మంచి సినిమా అయినా సీరియల్‌లా కనిపిస్తుంది.

డబ్బు ఎక్కడ పెట్టాలో తెలిసినవాళ్లు ఎలా తీస్తారో ‘హాలోవీన్’ (1978)లో ఉంది. హంతకుడి ముఖానికున్నది దుకాణంలో కొన్న కెప్టెన్ కర్క్ (‘స్టార్ ట్రెక్’ పాత్ర) మాస్కు, దానికి తెల్ల రంగు కొట్టి కళ్ల రంధ్రాలు పెద్దవి చేశారు. శరదృతువు ఆకులు కూడా రంగు వేసినవే, షాట్ అయ్యాక ఏరుకుని మళ్లీ వాడారు. మిగిల్చిన డబ్బు పానావిజన్ వెడల్పు ఫ్రేముకి వెళ్లింది. ఆ వెడల్పు వల్లే హంతకుడు ఫ్రేము అంచున ఊరికే నిలబడినా ఒళ్లు జలదరిస్తుంది. రెండు పక్కలా కత్తిరించిన పాత టీవీ కాపీలో ఆ సినిమా చచ్చిపోతుంది.

‘పారానార్మల్ యాక్టివిటీ’ పడకగది షాట్ కూడా అంతే. కెమెరా స్టాండు మీద కదలకుండా ఉంటుంది, కుడివైపు మంచం, ఎడమవైపు తెరిచిన తలుపు, అవతల చీకటి. తెర మూలన గడియారం అంకెలు గబగబా పరుగెత్తి, ఉన్నట్టుండి మామూలు వేగానికి వస్తాయి. ఇక తలుపు మీదనుంచి కన్ను తీయలేం. ఒక్క అంకెతో అంత పని చేయించారు.

రెండోఆట:

అందరికీ థాంక్స్ అండీ, సౌండ్ విషయం ఇంత లోతుగా ఎక్కడా చదవలేదు. ఇంకొక్కటి: ‘వన్ కట్ ఆఫ్ ది డెడ్’ (2017) మొదటి అరగంట పేలవంగా ఉందని చాలామంది మధ్యలో వదిలేస్తున్నారు. కొనసాగించాలా?

నాలుగుగోడలు:

తప్పకుండా. మొదటి 37 నిమిషాలు ఒకే షాట్. అందులో నటులు ఎందుకో తడబడతారు, సంభాషణ అతకనట్టుంటుంది, కెమెరా ఒకచోట నేల మీద పడి అలాగే ఉండిపోతుంది. ఆ తప్పుల్లో ఒక్కటీ ఊరికే రాలేదు, మనసులో రాసిపెట్టుకోండి. ట్రైలరూ, రివ్యూలూ చూడకుండా కూర్చోండి. 37వ నిమిషం దాటాక ఇక్కడికి వచ్చి చెప్పండి, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.