ఫాఫ్సాలో 2023 జీతం, ఇప్పుడు ఉద్యోగం లేదు: ఎయిడ్ అపీల్ ఎలా పెట్టాలి?

ప్లేనో నాన్న

నమస్కారమండీ. మా అమ్మాయి ఈ ఆగస్టులో స్టేట్ యూనివర్సిటీలో చేరుతోంది. 2025-26 ఫాఫ్సా (కాలేజీ ఖర్చుకు ఫెడరల్ సాయం కోరే దరఖాస్తు) 2023 టాక్స్ మీద నడిచింది. ఆ ఏడు ఇద్దరి సంపాదనా కలిపి 1,78,000 డాలర్లు. మొన్న ఫిబ్రవరి ఆఖరున నా ఉద్యోగం పోయింది. అప్పటిదాకా ఈ ఏడు వచ్చిన జీతం 24,000, సెవరెన్స్ (ఉద్యోగం తీసేసినందుకు కంపెనీ ఇచ్చే డబ్బు) 30,000 ఒకేసారి. ఇక మిగిలింది మా ఆవిడ జీతం 42,000, నాకు అన్‌ఎంప్లాయ్‌మెంట్ (నిరుద్యోగ భృతి) వారానికి 500, అదీ 26 వారాలే. మేం నలుగురం, గ్రీన్‌కార్డు ఉంది. ఎయిడ్ లెటర్‌లో 5,500 లోన్ తప్ప ఏమీ లేదు. ఫాఫ్సా తెరిచి ఆదాయం మార్చేయొచ్చా?

పద్దుల పంతులు

మార్చకండి. ఫాఫ్సా అడిగింది 2023 ఆదాయం, మీరిచ్చింది సరైనదే. అందులో ఈ ఏటి అంకె వేస్తే అది తప్పుడు సమాచారం అవుతుంది, వెరిఫికేషన్‌లో, అంటే కాలేజీ కాగితాలు సరిచూసేటప్పుడు, దొరికిపోవచ్చు. ఆ అంకెను మార్చే అధికారం కాలేజీ ఎయిడ్ ఆఫీసుకే ఉంది. దాని పేరు ప్రొఫెషనల్ జడ్జిమెంట్. కాలేజీ సైట్‌లో 'స్పెషల్ సర్కమ్‌స్టాన్సెస్' అని వెతకండి, ఫారం దొరుకుతుంది. ఇలాంటి అర్జీలన్నీ చూడకుండానే తోసేస్తామనే హక్కు కాలేజీకి లేదు. కానీ ఒప్పుకోవడం, మానడం వాళ్ల ఇష్టం. కాదంటే దాని మీద ఫెడరల్ ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్‌కి వెళ్లినా లాభం లేదు.

ముందు పోర్టల్‌లో వెరిఫికేషన్ పెండింగ్ అని ఉందేమో చూడండి. ఉంటే అది తేలేదాకా అపీల్ కదలదు. నెలల తరబడి ఆగిపోయేవి ఎక్కువగా ఇక్కడే.

కాగితాలు: ఆఖరి పనిదినం తేదీ ఉన్న టెర్మినేషన్ లెటర్, జనవరి నుంచి వచ్చిన మొత్తం కనిపించే ఆఖరి పే స్టబ్ (జీతం చీటీ), సెవరెన్స్ అగ్రిమెంట్, అన్‌ఎంప్లాయ్‌మెంట్ మంజూరు ఉత్తరం, మీ ఆవిడ తాజా పే స్టబ్, 2023, 2024 టాక్స్ రిటర్నులు. ప్రతి పేజీ మీద అమ్మాయి పేరు, స్టూడెంట్ ఐడీ రాయండి. సోషల్ సెక్యూరిటీ నంబరులో ఆఖరి నాలుగంకెలు వదిలి మిగతావి కొట్టేయండి. ఈమెయిల్‌లో పంపకండి, పోర్టల్‌లోనే అప్‌లోడ్ చేయండి.

చిట్టా ఆవర్జా

పంతులు గారు అసలు కీలకం చెప్పలేదు. ఏ పన్నెండు నెలల ఆదాయం చూస్తారన్నది ముందు ఫోన్ చేసి అడగండి. కొన్ని కాలేజీలు జనవరి నుంచి డిసెంబరు చూస్తాయి, కొన్ని జూలై నుంచి మరుసటి జూన్ దాకా.

మీ అంకెలే చూడండి. 2025 క్యాలెండర్ ఏడాది అయితే 24,000 జీతం, 30,000 సెవరెన్స్, 13,000 అన్‌ఎంప్లాయ్‌మెంట్, 42,000 మీ ఆవిడది: 1,09,000. అదే జూలై నుంచి లెక్కిస్తే మీ ఆవిడ 42,000, అప్పటికి మిగిలిన తొమ్మిది వారాల అన్‌ఎంప్లాయ్‌మెంట్ 4,500: మొత్తం 46,500. ఇద్దరు తల్లిదండ్రులున్న నలుగురి ఇంటికి 46,500 ఒప్పుకుంటే పూర్తి పెల్ గ్రాంట్ (తిరిగి కట్టక్కర్లేని ఫెడరల్ సాయం), అంటే 2025-26కి 7,395 డాలర్లు, వచ్చే పరిధిలో పడతారు. 1,09,000 దగ్గర పెల్ ఆశ వదులుకోవలసిందే. క్యాలెండర్ ఏడాదే చూస్తామంటే సెవరెన్స్ మళ్లీ రాని డబ్బు, దాన్ని తీసేయమని విడిగా అడగండి. ఖర్చయిపోయిందంటే ఎక్కడ ఖర్చయిందో రసీదులు పెట్టండి.

ఉత్తరం ఒక పేజీ దాటనివ్వకండి. 'ఫలానా తేదీన ఉద్యోగం పోయింది, 2023లో ఇంత, రాబోయే పన్నెండు నెలల్లో ఇంత', కింద నెలవారీ పట్టిక. కారు వాయిదాలు, క్రెడిట్ కార్డు బాకీల ఏకరువు పెట్టొద్దు, ఫార్ములాలో వాటికి చోటు లేదు. ఇన్సూరెన్స్ ఇవ్వని వైద్య ఖర్చులుంటే మాత్రం రాయండి.

ఇంకోటి: ఇల్లు గడవడానికి 401కే రిటైర్‌మెంట్ ఖాతా నుంచి డబ్బు తీస్తే అది ఆదాయంలో కలిసిపోతుంది. ఎయిడ్ కోసం అపీల్ పెడుతూ చేయకూడని పని అదే.

ప్లేనో నాన్న

జూలై-జూన్ సంగతి అసలు తట్టలేదు, థాంక్సండీ. హైదరాబాద్ దగ్గర మాకో ప్లాటుంది, దాదాపు 60,000 డాలర్లు పలుకుతుంది. ఫాఫ్సాలో రాయలేదు. ఇండియాలో ఉన్నది కూడా చెప్పాలా?

పద్దుల పంతులు

చెప్పాలి. మీరుంటున్న ఇల్లు, రిటైర్‌మెంట్ ఖాతాలు లెక్కలోకి రావు. మీ పేరున ఉన్న ప్లాటు ఏ దేశంలో ఉన్నా ఆస్తే. కొన్న ధర కాదు, ఫాఫ్సా వేసిన రోజు మార్కెట్ ధర, దాని మీద అప్పుంటే తీసేసి. మీ నాన్నగారి పేరున ఉన్నది మీది కాదు, అది రాయక్కర్లేదు. తల్లిదండ్రుల ఆస్తి నుంచి లెక్కలోకి వచ్చేది గరిష్ఠంగా 5.64 శాతం, అంటే 60,000కి 3,384. దాచి దొరికిపోవడం కంటే ఇది నయం. మీరు వదిలేసింది పొరపాటు కాబట్టి కరెక్షన్ మీరే వేయొచ్చు, అపీల్ కన్నా ముందే వేయండి.

బేఏరియా పిన్ని

ప్రైవేటు కాలేజీలకు కూడా వేసినవాళ్లకు ఒక మాట. ఒక కాలేజీ చేసిన మార్పు ఇంకో కాలేజీకి వర్తించదు, ఎక్కడికక్కడ వేరే అపీల్. సీఎస్ఎస్ ప్రొఫైల్ (కొన్ని కాలేజీలు ఫాఫ్సాతో పాటు అడిగే ఇంకో దరఖాస్తు) అడిగే కాలేజీల్లో చాలావరకు ఇంటి ఈక్విటీ, అంటే ఇంటి విలువలో అప్పు పోగా మిగిలింది, కూడా చూస్తాయి, అక్కడ ఫార్ములా కాలేజీదే.

తల్లిదండ్రులు హెచ్1బీ మీద ఉన్నా పిల్ల ఇక్కడ పుట్టి సిటిజన్ అయితే ఫాఫ్సా వేయొచ్చు. హెచ్4 (డిపెండెంట్ వీసా) పిల్లలకు, ఎఫ్1 (స్టూడెంట్ వీసా) మీద వచ్చేవాళ్లకు ఫెడరల్ ఎయిడ్ లేదు, కాలేజీ సొంత నిధులే అడగాలి.

చిట్టా ఆవర్జా

అపీల్ ఒప్పుకున్నా గ్రాంట్ పెరగకపోవచ్చు. ఎస్ఏఐ (కుటుంబ స్థోమతకు ఫాఫ్సా కట్టే అంకె) తగ్గి పెల్ రావచ్చు, 5,500లో 3,500 దాకా చదువు పూర్తయ్యేవరకూ వడ్డీ పడని లోన్‌గా మారవచ్చు, కాలేజీ సొంత డబ్బు మాత్రం అయిపోయి ఉండవచ్చు. అందుకే ఆగస్టు దాకా ఆగకుండా ఇప్పుడే వేయండి. మధ్యలో ఉద్యోగం దొరికితే వాళ్లకు చెప్పాలి, మళ్లీ లెక్క వేస్తారు. జవాబు వచ్చేలోపు ఫీజు గడువు పడితే బర్సర్ ఆఫీసుకి (ఫీజులు కట్టించుకునే ఆఫీసు) ఫోన్ చేసి వాయిదాల ప్లాన్ పెట్టించుకోండి. అపీల్ నడుస్తోందని ఎవరికీ చెప్పకుండా గడువు దాటిస్తే క్లాసుల్లోంచి పేరు తీసేయవచ్చు.