వెస్ట్‌వుడ్‌లోని చిన్న ఇరానీ హోటల్‌లో ఏమి తెప్పించుకోవాలి?

ప్రశ్న:
లాస్ ఏంజెలెస్‌లో వెస్ట్‌వుడ్ బులివార్డ్ పక్క వీధిలో, ఏడెనిమిది బల్లలకు మించి పట్టని ఒక ఇరానీ హోటల్ ఇటీవల కనబడింది. ఫార్సీ లిపిలో చిన్న బోర్డు తప్ప ఆర్భాటమేమీ లేదు. లోపల మాత్రం ఇరానీ కుటుంబాలు పెద్దలతో, పిల్లలతో తీరుబడిగా భోంచేస్తున్నాయి. నేను తిన్న కూబిదే కబాబ్ (ఖైమాతో చేసేది), దానిపై చల్లుకునే పుల్లని సుమాక్ పొడి, కుంకుమపువ్వు వేసిన అన్నం ఎంతో నచ్చాయి. విజయవాడ నుండి మా అమ్మానాన్నలు వస్తున్నారు. నాన్నగారు మాంసం తింటారు, అమ్మ గుడ్డు కూడా ముట్టదు. కబాబ్ కాక ఏమి తెప్పించమంటారు?

మొదటి జవాబు:
నాన్నగారికి తప్పకుండా ఘొర్మె సబ్జీ తెప్పించండి. పార్స్లీ, కొత్తిమీర, మెంతికూర వంటి ఆకుకూరలను సన్నగా తరిగి, నూనెలో నల్లబడేదాకా వేయించి, మాంసం, రాజ్మా, ఎండు నిమ్మకాయలతో గంటల తరబడి ఉడికిస్తారు. మన గోంగూర మాంసం ఇష్టపడేవారికి ఆ పులుపు వెంటనే పట్టుబడుతుంది. నా దృష్టిలో వంటవారి పనితనం తెలిసేది కబాబ్‌లో కాదు, ఈ కూరలోనే. అక్రోట్ల ముద్దనూ దానిమ్మ పులుసునూ కోడిమాంసంతో ఉడికించే ఫెసెంజాన్ కూడా బాగుంటుంది కానీ, తీపి ఎక్కువైతే ఆయనకు నచ్చకపోవచ్చు.

రెండవ జవాబు:
అమ్మగారి విషయంలో కొంచెం జాగ్రత్త అవసరమండీ. కాల్చిన వంకాయతో చేసే మీర్జా ఘాసెమీలోనూ, అట్టులా చేసే ఆకుకూరల కూకూలోనూ గుడ్డు పడుతుంది. వేయించిన వంకాయను మెదిపి, పెరుగుతో తయారయ్యే పుల్లని కష్క్, పుదీనా, ఉల్లిపాయలు వేసి చేసే కష్క్ బాదెంజాన్ ఆవిడ నిశ్చింతగా తినవచ్చు. ఆష్ రెష్తే అనే చిక్కని సూప్‌ను కొన్నిచోట్ల మాంసపు రసంతో చేస్తారు కనుక ముందే అడగండి. కీరదోస ముక్కలు, పుదీనా కలిపిన పెరుగు ఎలాగూ ఉంటుంది.

మూడవ జవాబు:
తహ్‌దిగ్ మరువకండి. సగం ఉడికిన అన్నాన్ని వార్చి, అడుగున నూనె పోసిన గిన్నెలోకి తిరిగి ఎత్తి, మూతకు గుడ్డ చుట్టి సన్నని సెగపై మగ్గబెడితే, అడుగున బంగారు రంగు పెచ్చు కట్టి కరకరలాడుతుంది. గిన్నెకు వచ్చేది కొంచెమే కాబట్టి పెందలాడే వెళ్లండి. పెచ్చు కట్టడానికి కొందరు పెరుగుతో పాటు గుడ్డుసొన కూడా కలుపుతారు, అమ్మగారి కోసం అదీ అడగండి. 1979 విప్లవం తరువాత ఇరాన్ విడిచి వచ్చినవారు ఎందరో ఆ ప్రాంతం చుట్టుపక్కల స్థిరపడ్డారు. ఇంటి రుచి ఎరిగిన వారే అక్కడి గిరాకీ కనుక, ఆ రోజు ప్రత్యేకంగా ఏమి వండారో వడ్డించేవారినే అడగడం మేలు. చివర్లో ఇచ్చే టీ మన హైదరాబాద్ ఇరానీ చాయ్‌లా పాలతో ఉండదు. చక్కెర బిళ్లను పంటి కింద పెట్టుకుని తాగే డికాక్షన్ అది, అమ్మానాన్నలకు ముందే చెప్పి ఉంచండి.