బాకోలి భూగర్భ జలాశయం: మోకాళ్ల నొప్పులున్న నాన్నను తీసుకెళ్లవచ్చా?

నమస్కారమండీ. వచ్చే నెల అమ్మానాన్నలతో ఇటలీలోని నేపుల్స్ వెళ్తున్నాం. దగ్గర్లోని బాకోలిలో పిసినా మిరాబిలిస్ చూడాలని నాన్న పట్టుదల. ఆయన నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. రోమన్లు సుమారు 2000 ఏళ్ల కిందట కొండరాయిని తొలిచి కట్టిన జలాశయం అది. 70 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు, 15 మీటర్ల ఎత్తు, లోపల 48 స్తంభాలు! ఎక్కడో సెరీనో ఊటల నుంచి కాలువలో వచ్చిన నీళ్లు ఇక్కడ చేరేవి.

ఫొటో చూపిస్తే నాన్న కళ్లజోడు సర్దుకుని, నేల మధ్యలో ఉన్న పల్లం మీద వేలు పెట్టి, "ఇది ఒండ్రు దిగడానికి" అన్నారు. చదివి చూస్తే నిజంగా అదే! ఇప్పుడాయనకు ఆ గోడల పూతను దగ్గరగా చూడాలని ఉంది.

టెన్షనంతా మెట్ల గురించే. ఆయనకు రెండు మోకాళ్లూ అరిగాయి. పోయినేడాది ఒక కోటలో సగం మెట్లు దిగి, మళ్లీ ఎక్కలేక అక్కడే కూర్చుండిపోయారు.

వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి. మెట్లు బాగా ఎత్తుగా ఉంటాయా? పట్టుకోవడానికి కమ్మీ ఉందా? లోపల తడికి జారుతుందా? నేపుల్స్‌లోని మోంతెసాంతో స్టేషన్ నుంచి కుమానా లైను లోకల్ రైల్లో వెళ్లి, బాకోలి దగ్గరి ఫుసారో స్టేషన్‌లో దిగితే అక్కడ టాక్సీ దొరుకుతుందా? టికెట్లు ముందే బుక్ చేసుకోవాలా?