అప్‌డేట్: ఇంట్లో ‘వేదం’ చూశాం, రెండు పార్టీలయ్యాం

2010లో క్రిష్ తీసిన ‘వేదం’ని పండక్కి పొందూరులో అందరం కూర్చుని చూడొచ్చా, బోర్ కొడుతుందా అని అడిగాను కదా. సగం మంది అద్భుతమన్నారు, సగం మంది ఐదు కథల గందరగోళమన్నారు. చూసేశాం. (క్లైమాక్స్ చెప్పేస్తున్నా, చూడనివాళ్లు ఆగండి.)

మా బావ అల్లు అర్జున్ ఫ్యాన్. అరగంటకే ఫోన్ తీశాడు. "హీరో కనిపించేలోపు ఇంకో నలుగురి కష్టాలు చూడాలా?" అని గొడవ. చివర్లో హీరో చచ్చిపోయేసరికి అలిగి భోజనానికి కూడా రాలేదు.

మా అమ్మమ్మ మాత్రం కదల్లేదు. ఆవిడ ఏళ్ల తరబడి ఖద్దరుకి నూలు వడికిన మనిషి. పొందూరులో దువ్వెనలా వాడే వాలుగ చేప దవడతో పత్తి దువ్వీ దువ్వీ వేళ్లు గట్టిపడిపోయాయి. సిరిసిల్ల నేతగాడు రాములు కథ మొదలవగానే ముందుకు జరిగి కూర్చుంది. కిడ్నీ అమ్మిన డబ్బుని కేబుల్ రాజు (అల్లు అర్జునే) లాక్కుని పారిపోతుంటే, "ఓరి దొంగ సచ్చినోడా, ఆ డబ్బేటో నీకు తెలుసేట్రా!" అని టీవీ మీదకి లేచింది. తిరిగి ఇచ్చేశాకే మంచినీళ్లు తాగింది.

నాకైతే అన్ని కథల్నీ ఒకే ఆసుపత్రికి చేర్చడం కొంచెం లాగినట్టే అనిపించింది. రాములుగా చేసిన నాగయ్య నటన ముందు అది పెద్దగా గుర్తుండలేదు.

బావ ఇంకా మాట్లాడట్లేదు. అమ్మమ్మేమో మళ్లీ పెట్టమంటోంది.