డాక్ కొనాలా, ముందు ఈ రొద సంగతి చూడాలా?

వేపచెట్టు: నాన్నగారి కాలంనాటి యాంప్లిఫయరు, రెండు చిన్న స్పీకర్లు ఉన్నాయి. ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి వైరు లాగి పాటలు వింటున్నాను. పాటకూ పాటకూ మధ్య గుయ్‌మని రొద, మౌస్ కదిపితే సన్నని కీచు. విడిగా డాక్, అంటే కంప్యూటర్‌లోని అంకెల పాటను యాంప్‌కు పనికొచ్చే విద్యుత్ సంకేతంగా మార్చే పెట్టె, కొందామని 15 వేలు పక్కన పెట్టాను. లోపల ఈఎస్‌ఎస్ కంపెనీ చిప్ ఉన్నది తీసుకోవాలా, ఏకేఎం కంపెనీ చిప్ ఉన్నదా? వారం నుంచి చదువుతున్నాను, చదివినకొద్దీ అయోమయమే.

అర్ధరాత్రి శ్రోత: చిప్ పేరు చూసి డాక్ కొనడం, బస్తా మీది బొమ్మ చూసి అన్నం రుచి చెప్పడం లాంటిది. 2020 అక్టోబరులో జపాన్‌లో ఏకేఎం వారి కర్మాగారం తగలబడింది. చిప్‌లు దొరకక కొన్ని కంపెనీలు పాత మోడల్‌లోనే ఈఎస్‌ఎస్ చిప్ పెట్టి మళ్లీ తెచ్చాయి. ఫియో కే5 ప్రో అనే డాక్ అలా వచ్చిందే. పాతది మా బావమరిది దగ్గర, కొత్తది నా దగ్గర ఉన్నాయి. ఒక ఆదివారమంతా మార్చి మార్చి విన్నాం. ఏది ఏదో ఇద్దరమూ చెప్పలేకపోయాం.

కరెంటు మాస్టారు: వేపచెట్టు గారూ, డబ్బు తీయకముందు ఒక్క పని చేయండి. పాట నడుస్తుండగా ల్యాప్‌టాప్ ఛార్జరు తీసేయండి. రొద ఆగిపోతే అది ఎర్త్ లూప్. ఛార్జరు ఒక ప్లగ్గులో, యాంప్ మరో గోడ ప్లగ్గులో ఉంటే రెండింటి ఎర్త్‌ల మధ్య ఆడియో వైరే వంతెన అవుతుంది, కరెంటు దాని గుండా పారుతుంది. యూఎస్‌బీ డాక్ తెచ్చినా ఆ కేబుల్‌లోనూ గ్రౌండ్ తీగ ఉంటుంది కాబట్టి రొద దర్జాగా వచ్చేస్తుంది. 12 వేలు పోసి నేర్చుకున్న పాఠమిది. ముందు రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి చూడండి. ఎవరో చెప్పారని ప్లగ్గు మూడో పిన్ను మాత్రం విరగ్గొట్టకండి. అది ప్రాణాలతో ఆట.

వీణతీగ: ఆప్టికల్ కేబుల్‌తో ఆ బాధ ఉండదు. అందులో వెళ్లేది వెలుతురే, తీగ లేదు కాబట్టి ఎర్త్ కలవదు. నేను టీవీకి అలాగే కలిపాను, కానీ మొదటి మూడు రోజులు డాక్ మూగగా కూర్చుంది. టీవీ డాల్బీలో పంపుతోంది, మామూలు స్టీరియో డాక్‌కు అది అర్థం కాదు. సెట్టింగుల్లో పీసీఎం (డాల్బీ చుట్టని మామూలు డిజిటల్ శబ్దం) అని మార్చగానే పలికింది. దుకాణంలో ఒక్కరూ ఈ మాట చెప్పలేదు.

నల్లడిస్కు: చిప్‌లన్నీ ఒకటే అనేవారితో నేను ఏకీభవించను. నాది రెసిస్టర్ల నిచ్చెనతో పనిచేసే ఆర్2ఆర్ డాక్. ఘంటసాల గారి గొంతు అందులో వింటే మనిషి ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది.

అర్ధరాత్రి శ్రోత: రెండు డాక్‌ల శబ్దం సమం చేసి విన్నారా? సాధారణంగా 2 వోల్టులు వస్తాయి, కొన్ని అంతకంటే ఎక్కువ ఇస్తాయి. కాస్త బిగ్గరగా ఉన్నదే మన చెవికి గొప్పగా తోస్తుంది. 100 హెర్ట్జ్ స్వరం పెట్టి స్పీకరు తీగల దగ్గర మల్టీమీటరుతో కొలవండి. చవక మీటర్లు 1000 హెర్ట్జ్ దగ్గర తడబడతాయి.

నల్లడిస్కు: నిన్న రాత్రి చేశాను. మా అబ్బాయి తీగలు మార్చాడు, నేను కళ్లు మూసుకున్నాను. పదిసార్లలో ఆరుసార్లు సరిగ్గా చెప్పాను. బొమ్మాబొరుసూ అంతే చెబుతుంది. అయినా దాన్ని అమ్మను లెండి, ముందు వెలిగే ఎర్ర దీపం బాగుంటుంది.

ప్రవాస శ్రోత: నేను అమెరికాలో ఆపిల్ వారి యూఎస్‌బీ-సీ హెడ్‌ఫోన్ అడాప్టరు 9 డాలర్లకు కొన్నాను. వేలెడంత ఉన్నా లోపల ఉన్నది డాకే. కంప్యూటర్‌కు పెడితే దాదాపు 1 వోల్టు ఇస్తుంది, యాంప్‌కు చాలు. యూరప్‌లో అమ్మేది అందులో సగమే ఇస్తుంది, కొంటే చూసుకోండి. 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్లకైతే ఇది నీరసపడుతుంది, వాటికి కావలసింది హెడ్‌ఫోన్ యాంప్.

వేపచెట్టు: అందరికీ కృతజ్ఞతలు. మాస్టారు చెప్పినట్టు ఛార్జరు తీయగానే గుయ్‌మనడం ఆగింది. ఒకే బోర్డుకు పెడితే చెవి ఆనించి వింటే తప్ప వినిపించడం లేదు. కీచు మాత్రం పోలేదు. పక్కింటి అబ్బాయి దగ్గర అలాంటి అడాప్టరే అరువు తెచ్చి పెట్టాను, ఆ కీచూ పోయింది. పాత పాటల్లో గరగర మాత్రం అలాగే ఉంది.

నల్లడిస్కు: అది రికార్డు మీద సూది గీసిన గరగర. దాన్ని కూడా యథాతథంగా వినిపించడమే డాక్ పని.

వేపచెట్టు: అయితే మిగిలిన డబ్బుతో స్పీకర్లకు స్టాండ్లు చేయిస్తాను. ప్రస్తుతం రెండూ ఇనప బీరువా మీద ఉన్నాయి.

కరెంటు మాస్టారు: బీరువా మీదా! ఆ మాట మొదటే చెప్పవలసింది కదండీ.