గుంపుగా కుట్టే బొంతకు ఎవరి రంగులు వాళ్లు తెచ్చుకోవచ్చా?

సూదీదారం:
మా కుట్టు గ్రూపులో తలా ఒక బ్లాక్ (ముక్కలు అతికి చేసే చదరం) కుట్టి, అన్నీ కలిపి ఒకే బొంత చేద్దామనుకున్నాం. నీలం, తెలుపు, ముదురు పసుపు తప్ప వేరే రంగు రాకూడదని నిర్వాహకురాలు రూలు పెట్టారు. చాలామంది అమ్మ చీర ముక్కో, పిల్లల పాత గౌనో దాచుకుని ఉన్నారు. అవి వద్దంటే మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్లి కొత్త గుడ్డ కొనాల్సిందే. ఇంట్లో పాత గుడ్డ ఉండగా కొత్తది కొని కుట్టేదాన్ని మా ఊళ్లో ఎవరూ బొంత అనరు. కొలత చెప్పండి, గుడ్డ రకం చెప్పండి, రంగు మాత్రం కుట్టేవాళ్లకి వదిలేయండి అంటాను. మీరేమంటారు?

నీలిమందు:
నేను ఒప్పుకోనండీ. వచ్చిన బ్లాకులన్నీ నేల మీద పరిచి చూడండి. మధ్యలో ఒక్క చిలకపచ్చ ముక్క ఉంటే చాలు, కన్ను అక్కడే ఆగిపోతుంది. మిగతావాళ్ల కష్టం కనబడదు. 1840ల నాటి, అమెరికాలోని బాల్టిమోర్ ఆల్బమ్ క్విల్టులు (బొంతలు) చూడండి. చాలావాటిలో ఒక్కో బ్లాక్ ఒక్కొక్కరిది, కింద సంతకాలు కూడా ఉంటాయి. అయినా ఎక్కువగా కనిపించేది తెల్ల గుడ్డ మీద ఎరుపూ ఆకుపచ్చే. అందుకే అంతమంది కుట్టినా ఒకే పనిలా ఉంటాయి. పైగా ఎవరో ఉతకని ఎర్ర కాటన్ పంపితే, మొదటి ఉతుకులోనే పక్కనున్న తెల్ల ముక్కకి రంగు అంటుతుంది. అప్పుడు బాధ్యత ఎవరిది?

సూదీదారం:
రంగు దిగడం నిజమైన ఇబ్బందే. దానికి ఉపాయం ఉంది: ముక్కని వేడినీళ్లలో నానబెట్టి, తడి మీదే తెల్ల గుడ్డతో ఒత్తి చూడటం. మరక పడితే ఆ ముక్క పక్కన పెట్టేయొచ్చు. అందుకని రంగులే వద్దనడం ఎందుకు?

మీరు బాల్టిమోర్ అన్నారు కాబట్టి అదే దేశంలోని అలబామా గురించి చెబుతాను. అక్కడి గీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి స్త్రీలు పనిలో అరిగిపోయిన ప్యాంట్లు, చొక్కాలు చింపి, ఎవరికి తోచిన రంగుల్లో వాళ్లు కుట్టుకునేవారు. 1966లో ఆ ప్రాంతంలో ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం మొదలైంది. దుకాణాల ఆర్డర్లకి మాత్రం ఇచ్చిన నమూనా ప్రకారమే, అన్నీ ఒకేలా కుట్టాలి. 1972లో సియర్స్ కంపెనీకి కార్డురాయ్ (గీతలు తేలిన మందపాటి గుడ్డ) దిండు గలీబులు కుట్టారు. ఆ పనితో కూలి దొరికింది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ 2002లో న్యూయార్క్ విట్నీ మ్యూజియం గోడలకెక్కినవి ఆ గలీబులు కావు, వాళ్లు ఇంటికోసం కుట్టుకున్న బొంతలు. సియర్స్ పనిలో మిగిలిన కార్డురాయ్ ముక్కలతో సొంతంగా కుట్టినవీ వాటిలో ఉన్నాయి. అదే గుడ్డ, అవే చేతులు. రంగు ఎక్కడ పెట్టాలో నిర్ణయించేది ఎవరన్నదే తేడా.

ఇంకొకటి. ఎయిడ్స్‌తో పోయినవాళ్ల కోసం కుట్టిన క్విల్ట్‌ని 1987 అక్టోబరు 11న వాషింగ్టన్‌లో పరిచినప్పుడు 1,920 పలకలు ఉన్నాయి. ఒక్కోటి మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. కొలత ఒకటే, రంగులు మాత్రం ఎవరివి వాళ్లవి. పోయిన మనిషి చొక్కా కుట్టడానికి తెచ్చిన తల్లితో ఈ రంగు నప్పదని ఎవరనగలరు?

పావంగుళం:
రంగు ఏదన్నదీ, అది లేతా ముదురా అన్నదీ రెండు వేర్వేరు సంగతులు, అవి కలిసిపోతున్నాయేమో అక్కా. మిస్టరీ క్విల్ట్‌లో ఎవరి బొంత వాళ్లదే, నమూనా మాత్రం విడతలవారీగా వస్తుంది. అక్కడ కూడా చాలాసార్లు రంగు మనిష్టమే, ఏ ముక్క లేత, ఏది మధ్యస్థం, ఏది ముదురు అన్నది మాత్రం ముందే చెబుతారు. నమూనా కనబడేది ఆ తేడా వల్లే. ముక్కల్ని ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీసి చూస్తే తెలిసిపోతుంది: కళ్లకి వేరుగా తోచిన ఎరుపూ ఆకుపచ్చా ఒక్కోసారి అందులో ఒకే బూడిద రంగైపోతాయి.

నీలిమందు:
లేత–ముదురు రూలుకి సరే. కానీ బ్లాకుల మధ్య పట్టీలన్నీ ఒకే రంగులో ఉండాలి, ఆ గుడ్డ ఒక్కరే ఒకే తాను నుంచి కొనాలి. టూ బై టూ జాకెట్టు ముక్క పక్కన మందపాటి చేనేత వస్తే కుట్టు లాగేస్తుంది, అదీ చూసుకోవాలి. చిలకపచ్చ మీద నా మాట మాత్రం మారదు.

సూదీదారం:
పట్టీలకి నీలం ఉండనివ్వండి, నాకు అభ్యంతరం లేదు. పన్నెండున్నర అంగుళాల చదరం, ఉతికి రంగు దిగదని చూసుకున్న మామూలు మందం కాటన్, సగం లేత సగం ముదురు. గ్రూపులో ఈ మూడే అడుగుతాను. చీర ముక్కలు దాచుకున్నవాళ్లు అప్పటిదాకా వాటిని కత్తిరించకండి.